మగ్గాలపేట బ్రాందీ షాపుకు ప్రజల అభ్యంతరాలు

"ప్రజలు వద్దంటే ఈ జిల్లాలో ఒక్క బ్రాందీ షాపు కూడా తెరవబోం" అని మంత్రిగారు నగరి బహిరంగ సభలో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా మంత్రిగారు ఓపిగ్గా నిలబడి, "అయితే వద్దనేది పద్ధతి ప్రకారం చెప్పాలి" అని ఇంకో మాట కూడా అన్నారు. ఆ మాట దగ్గర మైకు గురగురమంది. అది ముందు వరసలో ఉన్నవాళ్లకే వినబడింది. ముందు వరసలో దొరస్వామి నాయుడు కూర్చుని ఉన్నాడు.

దొరస్వామి నాయుడు మా ప్రాంతపు పార్టీ కార్యకర్త. ప్రజాసేవ తప్ప ఆయనకు వేరే వ్యాపారం లేదు. రోడ్డు కాంట్రాక్టు, చౌకధరల దుకాణం, నగరిలో ఉన్న లాడ్జి, అన్నీ ఇంట్లోవాళ్ల పేర్ల మీదే ఉన్నాయి. తన పేరు మీద ఒక గోచీగుడ్డ కూడా పెట్టుకోడు. అంతటి త్యాగి. సభ అయి వారం తిరగకముందే మా మగ్గాలపేటలో బ్రాందీ షాపు పెట్టడానికి లైసెన్సు కావాలని ఆయన అత్తగారు వరదమ్మ పేరున దరఖాస్తు పడింది. వరదమ్మకు చూపు ఆనదు. ఒకరు పట్టుకుంటే తప్ప లేచి నిలబడలేదు. ఆ వయసులో వ్యాపారానికి దిగిన ఆడమనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

షాపుకు మా పేటనే ఎందుకు ఎంచుకున్నారంటే, నగరి నుంచి అరవనాటికి పోయే రోడ్డులో చివరి ఊరు మాదే. అది దాటితే తమిళనాడు. ఆ రోజుల్లో అక్కడ తాగుడు నిషేధం. పక్క రాష్ట్రం ఒక మంచిపని చేస్తున్నప్పుడు దాని బరువు కొంత మనమూ మోయాలి కదా.

ఆ పేటలో నాది టీ అంగడి. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి కాబట్టి ప్రభుత్వం చేసే పనులన్నీ నాకు సులభంగా అర్థమవుతాయి. చదువుకున్నవాళ్లకే వాటిలో అనుమానాలు వస్తుంటాయి.

షాపు రాకూడదని అందరికంటే గట్టిగా పట్టుబట్టిన మనిషి జ్ఞానాంబ. ఆమె మొగుడు ఏకాంబరం లుంగీలు నేస్తాడు. మంచి నేతగాడు. ఒకప్పుడు అంతకంటే మంచి తాగుబోతు.

మా పేటలో ధర్మరాజుల గుడి ఉంది. ఎండాకాలంలో అక్కడ భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. తపస్సు రోజున అర్జునుడి వేషం కట్టినవాడు గుడిముందు నాటిన పెద్ద మాను ఎక్కి, పద్యాలు పాడి, పైనుంచి విభూదీ నిమ్మకాయలూ విసరాలి. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు కింద కొంగు పట్టుకుని నిలబడతారు. మా అర్జునుడు ఏకాంబరమే. ఉత్సవం మొదట్లో చేతికి కంకణం కడితే, ముగిసి దాన్ని విప్పేదాకా చుక్క ముట్టకూడదు. ముట్టేవాడు కాదు. విప్పిన సాయంత్రమే నగరి బస్సెక్కేవాడు.

రెండేళ్ల కిందట కంకణం విప్పే వేళకు జ్ఞానాంబ పోయి మొగుడి మణికట్టు పట్టుకుంది.

"విప్పొద్దు" అంది.

"అట్లెట్లమ్మా? ఉత్సవం అయిపాయ గదా" అన్నాడు గోవిందయ్య. ఆయన గుడికి ధర్మకర్త. వీధి మొదట్లో చిల్లర అంగడి ఆయనదే.

"విప్పకుంటే ఏమవుతాది?"

"శాస్త్రం ఒప్పుకోదు."

"ఏ శాస్త్రంలో ఉండాది? సూపీ."

గోవిందయ్య చూసి చెబుతానన్నాడు. ఆ చూడడం రెండేళ్లయినా ముగియలేదు. కంకణం ఏకాంబరం చేతికే నల్లబడిపోయింది. వాళ్లింట్లో తెల్లవారి మొదలైన మగ్గం చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. తాగాలనిపిస్తే ముందు కంకణం కనబడుతుంది. దాన్ని మరిచిపోదామన్నా నగరిదాకా బస్సులో పోవాలి. బస్సు కోసం నిలబడితే జ్ఞానాంబ కనబడుతుంది. ఇన్ని అడ్డాలతో ఆ సంసారం ఒక దారికి వచ్చింది. షాపుకు ఎంచిన స్థలం వాళ్ల ఇంటికి ఎదురుగా, వీధి కొళాయి పక్కన.

లైసెన్సు విచారించే ఎక్సైజ్ ఆఫీసరు ముకుందం గారు నియమం తప్పని మనిషి. వాళ్లది తిరుపతిలో స్వామి కైంకర్యం చేసుకునే కుటుంబం. నొసట నామం చెరగదు. వెల్లుల్లి తినరు. కేసులో పట్టుబడిన సీసాను ముట్టుకోవాల్సి వస్తే ఇంటికి పోయి తలస్నానం చేస్తారు. అంతటి పవిత్రుడి చేతిమీదుగా వచ్చిన బ్రాందీ తాగడం తాగేవాళ్లకు కూడా ఒక గౌరవం.

ప్రజల అభ్యంతరాలు వినాలంటే ముందు నోటీసు అంటించాలి. "ఊర్లో అన్నిటికంటే ప్రముఖమైన చోట అంటించు. ఎవరూ చింపకూడదు. సినిమా పోస్టరు పడకూడదు. మేకలకు అందకూడదు" అని ఆయన బంట్రోతుకు ఆజ్ఞాపించారు. అట్లాంటి చోటు మా పేటలో ఒక్కటే ఉంది. అది తపస్సు మాను కొస. దొరస్వామి నాయుడు సొంత ఖర్చుతో నిచ్చెనలు తెప్పించి, పని కాగానే అంతే శ్రద్ధగా తీసుకుపోయాడు.

నోటీసు గాలికి రెపరెపలాడుతూ ఉండేది. పేట మొత్తం తలెత్తి చూసేది. ప్రభుత్వం ఏదో చెబుతోందని అందరికీ తెలిసింది. ఏమి చెబుతోందో తెలియడానికి గడువులో సగం కావాల్సి వచ్చింది. చివరికి జ్ఞానాంబ, "ఎక్కి సదువు మామా" అని మొగుణ్ణి తరిమింది. ఏకాంబరం అలవాటు కొద్దీ మానుకు దండం పెట్టి ఎక్కాడు. జనం చేరారు. ఒక ముసలామె కోడలి కోసం కొంగు కూడా పట్టింది.

"ఇందుమూలముగా యావన్మందికీ..." అని ఏకాంబరం పైనుంచి రాగం తీశాడు.

"రాగమొద్దబ్బా, సంగతి సెప్పు!"

"బ్రాంది షాపంట! మన కొళాయి కాడంట! వద్దనేవాళ్లు ఆఫీసుకు పొయ్యి సెప్పాలంట!"

ముసలామె కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

మరునాడే జ్ఞానాంబ ఆఫీసుకు బయల్దేరింది. "దినామూ పేపరు సదువుతావు గదన్నా, నువ్వూ రా" అని నన్ను తోడు పిలిచింది. ముకుందం గారు మమ్మల్ని కూర్చోమనలేదు గానీ, నిలబడడానికి మంచి నీడ చూపించారు.

"అభ్యంతరం ఎవరిదమ్మా?"

"నాదే సార్. మాకు బ్రాంది షాపొద్దు."

"ఇల్లు ఎవరి పేరున ఉంది?"

"మా ఇంటాయన నాయన పేరున సార్."

"యజమాని అభ్యంతరమే చెల్లుతుంది. ఆయన్ని పిలుచుకురా."

"ఆయన సచ్చిపొయినాడు సార్."

ముకుందం గారు కాగితం మీద రాసుకుంటూ పైకి చదివారు. "ఇంటి యజమానికి అభ్యంతరం లేదు."

"నాకుండాది గద సార్!"

"ఉండొచ్చు. నువ్వు అక్కడ కాపురం ఉంటున్నావు, అంతే కదా. సరే, నీ తృప్తి కోసం వింటాను. షాపు వల్ల నీకు జరిగిన నష్టం ఏమిటి?"

"ఇంగా తెరవనే లేదు గద సార్."

"మరి జరగని నష్టాన్ని నేనెట్లా విచారించేది?"

"తెరిచినాక వచ్చి సెప్తా సార్."

"తెరిచాక గడువుండదమ్మా. అభ్యంతరాలు తెరవకముందే చెప్పాలి."

"తెరవకముందర సెప్తే జరగలేదంటారు. జరిగినాక సెప్తే గడువైపోయిందంటారు."

"అదే చట్టం" అన్నారు ముకుందం గారు, ఇంత తొందరగా అర్థం చేసుకున్నందుకు సంతోషపడి.

జ్ఞానాంబ వదల్లేదు. "పక్కనే ధర్మరాజుల గుడుండాది సార్. గుడికాడ తాగుడంగడి పెట్టకూడదంట. ఈ టీ అంగడన్న సెప్పినాడు."

నేను ఫ్యాను వైపు చూశాను. ముకుందం గారు మాత్రం గుడి మాట వినగానే కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "గుడి ఉందా? దేవుడి విషయంలో నేను రాజీపడను. స్వయంగా వచ్చి చూస్తాను."

చెప్పిన ప్రకారం వచ్చారు. అయితే ఆ లోపల మా పేటలో ఒక భక్తి కార్యం జరిగింది. భారతంలో ఒక్కొక్క రోజు ఖర్చు ఒక్కొక్క ఇంటివాళ్లు పెట్టుకుంటారు. దాన్ని ఉభయం అంటారు. వచ్చే ఏడాది అన్ని రోజుల ఉభయాలూ తనవేనని దొరస్వామి నాయుడు గోవిందయ్యకు మాట ఇచ్చాడు. భక్తి ఎవరికి ఎప్పుడు పుడుతుందో ఎవరు చెప్పగలరు.

ముకుందం గారు వచ్చేసరికి గుడికి తాళం ఉంది.

"నిత్యపూజ లేదా?" అని అడిగారు.

"ఉత్సవానికే తెరుస్తాం సార్" అన్నాడు గోవిందయ్య.

"మరి మిగతా రోజుల్లో దేవుళ్లు లోపల ఉన్నట్టా, లేనట్టా?"

దొరస్వామి ముందుకు వచ్చాడు. "పాండవులు గద సార్. అరణ్యవాసంలో ఉంటారు."

ముకుందం గారు కళ్లు మూసుకుని, తాళానికి భక్తితో ఒక నమస్కారం పెట్టి, రాసుకున్నారు. "దేవతలు ప్రస్తుతం స్థానికులు కారు."

"మేమన్నా స్థానికులమేనా సార్?" అంది జ్ఞానాంబ.

ఆ మాట ఆయన మనసుకు తగిలింది. చాలాసేపు గుడి అరుగు మీద కూర్చుని ఆలోచించారు. ప్రజల అభ్యంతరాన్ని తోసెయ్యడం సుళువు. అట్లా చెయ్యకపోవడంలోనే ఆయన గొప్పతనం ఉంది.

"చూడండి" అని లేచి నిలబడ్డారు. "షాపు తెరవకుండా నష్టం రుజువు కాదు. నష్టం రుజువు కాకుండా షాపు ఆపలేం. అందుచేత మీ అభ్యంతరాన్ని గౌరవించి, దాన్ని పరిశీలించే నిమిత్తం, షాపును తాత్కాలికంగా తెరిపిస్తున్నాను."

మావాళ్లు అర్థం కాక నిలబడ్డారు. దొరస్వామి చప్పట్లు మొదలుపెట్టాడు. ఎవరైనా మొదలుపెడితే మావాళ్లూ కొడతారు. సభలకు పోయి పోయి అలవాటైంది.

"ప్రజల తరఫున ఒక సాక్షి రోజూ షాపులో కూర్చుని జరిగేది చూడాలి. కుర్చీ దరఖాస్తుదారు వెయ్యాలి. సాక్షికి తాగుడు సంగతి బాగా తెలిసి ఉండాలి. తాగినవాడెవడో తెలియనివాడు ఏం సాక్ష్యం చెబుతాడు?" అన్నారు ముకుందం గారు.

తాగుడు సంగతి తెలిసినవాళ్లెవరంటే మగవాళ్లందరూ పెళ్లాల ముందు గాంధీగారి శిష్యులైపోయారు. చివరికి అందరి చూపూ ఏకాంబరం మీదికి పోయింది.

"ఏమప్పా, ఇంతమంది మొగోళ్లుండారు, మా ఆయనే దొరికినాడా మీకు?" అని జ్ఞానాంబ అడ్డం పడింది.

"ఆయనకు కంకణముండాది గదమ్మా. ఆయనకేం భయం?" అన్నాడు గోవిందయ్య.

ఏకాంబరం అప్పటికే చేత్తో తల దువ్వుకుంటున్నాడు. "గవర్మెంటు సాచ్చి మే! కుర్చీ ఏస్తారంట."

"మగ్గం గుంతుండాది గదా, ఆడ కూసో."

"గుంతకూ కుర్చీకీ తేడా లేదామ్మే?"

"నీకు తెలీదులే. గుంతలో కూసుంటే పైకొస్తావు. ఆ కుర్చీలో కూసుంటే గుంతలోకి పోతావు."

ఆమె మాట ఎవరూ రాసుకోలేదు. ఇంతలో దొరస్వామి, "సార్, నాదొక అభ్యంతరం" అన్నాడు. అభ్యంతరాలు వినడం మొదలైనప్పటి నుంచి వెంటనే చెల్లిన అభ్యంతరం అదొక్కటే. "సాచ్చి చేతికి కంకణముండాది. తాగుడంటే గిట్టదని ఒట్టు పెట్టుకున్నోడు గదా. అట్లాంటోడు మా అత్తకు న్యాయం సేస్తాడా?"

"పాయింటే" అన్నారు ముకుందం గారు. "వ్రతంలో ఉన్న సాక్షి నిష్పక్షపాతి కాడు. కంకణం తీసేసి సాక్ష్యం చెప్పాలి."

గోవిందయ్య తాళం తీశాడు. దేవుళ్లు అరణ్యంలో ఉన్నా హారతి వెలిగించాడు.

"శాస్త్రం సూస్తా ఉండా అంటివే, దొరికిందా?" అని అడిగింది జ్ఞానాంబ.

"దొరికిందమ్మా."

"యాడ?"

గోవిందయ్య దొరస్వామి వైపు చూశాడు. దొరస్వామి దేవుడి వైపు చూశాడు.

కంకణం ముడి రాలేదు. లుంగీల అంచులు కత్తిరించే కత్తెర తెప్పించి కోశారు. కింద చర్మం పసిపిల్లవాడి చర్మంలాగా తెల్లగా ఉంది. ఏకాంబరం మణికట్టు రుద్దుకుని, "తేలికయిపొయ్యింది" అన్నాడు. జ్ఞానాంబ తెగిన దారం తీసుకుని నడుము దగ్గర దోపుకుని ఇంటికి పోయింది.

షాపు ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. 'ప్రజాభ్యంతరాల పరిశీలనార్థం' అని బోర్డు మీద చిన్న అక్షరాలతో రాయించారు. వరదమ్మను కుర్చీతో సహా ఎత్తుకొచ్చి దీపం వెలిగించారు. ఆమె సీసాల గలగల విని, "ఇది మందులంగడా నాయనా?" అని అడిగింది.

"అవునత్తా" అన్నాడు దొరస్వామి.

"దగ్గుకేమన్నా ఇయ్యి."

ఆ రోజు ఆమె దగ్గు తగ్గిందని చెప్పుకున్నారు.

సాక్షిగా ఏకాంబరం మొదట్లో చేసిన పని మెచ్చుకోదగ్గది. తెల్ల చొక్కా వేసుకుని పొద్దున్నే కుర్చీలో కూర్చునేవాడు. సరిహద్దు అవతల నుంచి వచ్చినవాళ్లు అరవంలో తిట్టుకుంటే ఆ తిట్లన్నీ నేర్చుకుని, సాయంత్రం నా అంగడి ముందు నిలబడి అప్పజెప్పేవాడు. కొళాయిలో నీళ్లకంటే పక్కన పగిలిన సీసాలు ఎక్కువయ్యాయి. ఆడపిల్లలు బిందెలతో చుట్టు తిరిగి బావికి పోవడం మొదలుపెట్టారు. గోవిందయ్య అరుగు మీద ఎవరో ఒకరు ఒంటిమీద గుడ్డ లేకుండా నిద్రలేచేవాళ్లు. నా అంగడిలో మసాలా వడలకు గిరాకీ పెరిగింది. దాన్ని కూడా నష్టాల్లో చేర్చమన్నాను. లాభాన్ని నష్టంగా తీసుకోరట.

ముకుందం గారు ఒకసారి వచ్చి సాక్షిని పరీక్షించారు. వాసన పడక ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు.

"ఏమి గమనించావు?"

"సీసాల్లో కల్తీ ఉండాదంటారు సార్."

"ఎవరంటారు?"

"జనం సార్."

"జనం అన్నది సాక్ష్యం కాదు. నీకు స్వయంగా తెలియాలి. తెలియంది చెబితే చెల్లదు" అని మందలించి, జీపెక్కి వెళ్లారు.

ఈ దేశంలో చట్టాన్ని అందరికంటే ముందు గౌరవించేది దొరస్వామి నాయుడే. జీపు రేపిన దుమ్ము అణగకముందే సాక్షి ముందర ఒక గ్లాసు పెట్టించాడు.

"వద్దబ్బా. జ్ఞానాంబ కొడతాది" అన్నాడు ఏకాంబరం.

"తాగమని నేను సెప్తినా? స్వయంగా తెలుసుకోమని సారు సెప్పె. నాలిక్కి తగిలించి సూడు. కల్తీ అయితే కల్తీ అను. నేనేమన్నా అనుకుంటానా?"

ఏకాంబరం ఖాళీ మణికట్టు వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత గ్లాసు వైపు చూశాడు. ఆ రోజు ఆయన కల్తీ ఉందో లేదో తేల్చుకోలేకపోయాడు. మరునాడు మళ్లీ చూశాడు. పట్టుదల గల మనిషి. ఒక నిర్ణయానికి వచ్చేదాకా వదల్లేదు.

వాళ్లింట్లో మగ్గం చప్పుడు ముందు ఆలస్యంగా మొదలైంది. తర్వాత తొందరగా ఆగింది. ఒక సాయంత్రం అసలు వినబడలేదు. జ్ఞానాంబ నా అంగడి దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, మా ఇంటాయన యాడుండాడు?"

"డ్యూటీలో ఉన్నాడమ్మా" అన్నాను.

ఆమె నావైపు చూసింది. నేను వంగి పొయ్యి ఊదాను. ఆమె ఎదురు షాపులోకి పోయి, కుర్చీలోంచి సాక్షిని లేపి, భుజం కింద చెయ్యేసి, వీధి దాటించి ఇంట్లో పడుకోబెట్టింది. ఆ తర్వాత అది రోజువారీ పని అయిపోయింది. ఆమె మగ్గంలోకి తనే దిగింది. నేస్తూ నేస్తూ మధ్యలో లేచి, షాపుకు పోయి మొగుణ్ణి తెచ్చుకునేది. చేతులు కడుక్కుని మళ్లీ మగ్గంలో కూర్చునేది. ఇదంతా అభ్యంతరానికి రుజువుగా పనికివస్తుందని నేను చెబితే, "రానీలే అన్నా. ఆయన సాచ్చి సెప్పేసినాడంటే మూసేస్తారు గదా. మళ్లా మగ్గం ఎక్కించుకుంటా" అంది. అప్పటికి ఆమెకు ఆ ధైర్యం ఉంది.

ఒకరోజు సరుకు లారీ రాలేదు. షాపు మూశారు. ఏకాంబరం సాక్షి చొక్కా వేసుకుని ఎదురు చూసి చూసి, ఎవరికీ చెప్పకుండా నగరి బస్సెక్కాడు. రాత్రికి తిరిగి రాలేదు. మరునాడు పొద్దున గొర్రెల కాపరులు వచ్చి చెబితే జ్ఞానాంబ పరుగెత్తింది. బస్సులోంచి ఎక్కడో దిగి, దారి తప్పి, ఏట్లో ఇసుక తోడిన గుంతలో పడి ఉన్నాడు. నీళ్లు ముక్కుదాకా వచ్చి ఆగాయి. నీళ్లు ఇంకొంచెం ఉంటే ప్రజల తరఫున వేరే సాక్షిని వెతుక్కోవాల్సి వచ్చేది. నాలుగు రోజులు జ్వరంతో పడుకుని లేచాడు. లేచి కుర్చీలోకే పోయాడు. లారీ వచ్చింది.

చివరి విచారణ షాపు వరండాలోనే పెట్టారు. పేటలో ఫ్యాను ఉన్నది అక్కడే. ముకుందం గారు బల్ల ముందు కూర్చున్నారు. పక్కన గుమాస్తా. దొరస్వామి అందరికీ సోడాలు ఇప్పించాడు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు బిందెలతో ఇంకోవైపు నిలబడ్డారు. మొదట సాక్షిని పిలిచారు. ఏకాంబరం గోడ పట్టుకుని వచ్చి నమస్కారం పెట్టాడు.

"షాపు వల్ల ప్రజలకు ఇబ్బంది ఉందా?"

"ఉండాది సార్."

"స్వయంగా తెలుసా?"

"శానా బాగా తెలుసు సార్" అన్నాడు ఏకాంబరం. ఇంకా చెబుదామని నోరు తెరిచి, పక్కన బెంచీ కనబడగానే దానిమీద పడుకుని నిద్రపోయాడు.

ముకుందం గారు అతని వైపు చాలాసేపు చూశారు. ఆయన నిజాయితీ మీద ఎవరికీ ఏనాడూ అనుమానం లేదు. రుజువైనది రుజువైందనే అంటారు. "ఇంతకంటే బలమైన సాక్ష్యం నా సర్వీసులో చూడలేదు. అభ్యంతరం సంపూర్ణంగా రుజువైంది. లైసెన్సు నిరాకరిస్తున్నాను. రేపటి నుంచి షాపు ఉండదు" అన్నారు.

ఆడవాళ్లు ఒక్కసారి సంతోషంతో కేకలేశారు. మా పక్కింటి వసంతమ్మ అయితే బిందె మీద డప్పు వాయించింది. దొరస్వామి మొహంలో రక్తం లేదు.

"ఆగండి" అన్నారు ముకుందం గారు. "మంత్రిగారి ఆజ్ఞ ప్రకారం ప్రజలను అడగకుండా ఏ నిర్ణయమూ ఖాయం కాదు. షాపు మూయడం మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెయ్యెత్తండి."

దొరస్వామి మగవాళ్ల వైపు ఆశగా చూశాడు. రోజూ షాపులో ఆయన్ని అన్నా అన్నా అని కౌగిలించుకున్నవాళ్లే. ఒక్కరూ తలెత్తలేదు. ఎదురుగా పెళ్లాలు నిలబడి ఉన్నారు. ఒకడు కాలి బొటనవేలితో నేల గీకుతున్నాడు. ఒకడు సోడా గోలీని సీసాలో ఆడిస్తున్నాడు. ముకుందం గారు సంతకం పెట్టడానికి కలం మూత తీశారు.

జ్ఞానాంబ చెయ్యెత్తింది.

"దించమ్మా. నువ్వు గెలిచావు" అన్నారు ముకుందం గారు.

"తెలుసు సార్."

"మరి దేనికి అభ్యంతరం?"

"మూసేదానికి."

గుమాస్తా రాయడం ఆపి తలెత్తాడు. వసంతమ్మ, "ఏమ్మే జ్ఞానాంబా, నీకేమన్నా మతి పొయ్యిందా? ఇన్ని దినాలు కొట్లాడింది ఎందుకే?" అంది.

"కొట్లాడింది ఈయన తాగకూడదని కదక్కా. అది అయిపొయ్యింది" అని జ్ఞానాంబ ఆఫీసరు వైపు తిరిగింది. "ఇది మూస్తే నగరికి పోతాడు సార్. లారీ రాని దినం పొయ్యింది సూసినా గదా. ఏట్లో ఎతుక్కోలేను. బస్సుల కింద ఎతుక్కోలేను. ఈడయితే కళ్ల ముందరుంటాడు. నేత ఆపి, పొయ్యి ఎత్తుకొచ్చుకుంటా."

"అంటే, షాపు ఉండాలంటావు."

"ఉండాలనలేదు సార్. మూయొద్దంటా ఉండా."

వసంతమ్మ బిందె నేలమీద పెట్టింది. మగవాళ్లలో తన మొగుడెక్కడున్నాడో వెతుక్కుని, వాడి వైపు ఒకసారి చూసి, చెయ్యెత్తింది. ఆమె వెనక ఇంకొక ఆమె ఎత్తింది. తర్వాత ఒక్కొక్కరే, గాజులు మోచేతుల మీదికి జారుతుండగా, ఆడవాళ్లందరూ చేతులెత్తారు. మగవాళ్లు ఎత్తలేదు. వాళ్లకు ఏ అభ్యంతరమూ లేదు.

"ఇంత ఏకగ్రీవంగా ప్రజాభిప్రాయం నేనెక్కడా చూడలేదు" అన్నారు ముకుందం గారు. దొరస్వామి చప్పట్లు మొదలుపెట్టాడు. గుమాస్తా లేచి నిలబడి చేతులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

లెక్క పూర్తి కాకముందే జ్ఞానాంబ చెయ్యి దించేసింది. బెంచీ దగ్గరికి పోయి, రెండు చేతులూ మొగుడి చంకల కింద పెట్టి, "లెయ్ మామా, ఇంటికి పోదాం" అంటూ లేపుతోంది.

"ఒక చెయ్యి తగ్గింది సార్" అన్నాడు గుమాస్తా.

"పర్వాలేదు. మెజారిటీ ఉంది" అని ముకుందం గారు సంతకం పెట్టారు.